నల్లపూత కింద

మా అమ్మాయి వర్షిత రక్తంలో సీసం ఉందని తెలిసిన రోజున నేను ముగ్గురితో పోట్లాడాను. మొదట డాక్టరుతో, తర్వాత కోచ్‌తో, ఇంటికొచ్చాక మా ఆయన చక్రధర్‌తో. అసలు పోట్లాడాల్సిన మనిషి నాలుగో ఆయన. ఆయన దొరకడానికి శనివారం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజులూ నా కోపం చల్లారిపోకుండా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నా పేరు ఉజ్వల. మాది తణుకు. సింగపూరు వచ్చి పద్ధెనిమిదేళ్ళయింది. ఒక బ్యాంకులో ఆడిట్ విభాగంలో పనిచేస్తాను. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. ఇంట్లో అదే పని ఉచితంగా చేస్తానని చక్రధర్ అంటాడు.

వర్షితకి పదిహేడేళ్ళు. ఎయిర్ రైఫిల్ కాలుస్తుంది. పది మీటర్ల దూరంలో గురి, దాని మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క ఆవగింజ కంటే చిన్నది. దాన్ని కొడితే పది. మొదటిసారి క్లబ్బులో అద్దం వెనక నిలబడి చూశాను. ఇంట్లో ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్ల, సగం తిన్న కంచం వదిలేసి ఫోను పట్టుకుని తిరిగే పిల్ల, ఆ మందపాటి జాకెట్ తొడుక్కుని రైఫిల్ భుజానికి ఆనించగానే ఊపిరి తీస్తోందా లేదా అన్నంత నిశ్చలంగా అయిపోయింది. కనురెప్ప కదల్లేదు. మా వంశంలో ఎవరూ అర నిమిషం నోరు మూసుకుని ఉన్నవాళ్ళు లేరు. ఇంత నిశ్శబ్దం నా కడుపులోంచి పుట్టిందంటే నేనే నమ్మలేకపోయాను.

రెండేళ్ళు కష్టపడి వర్షిత యూత్ స్క్వాడ్‌లోకి వచ్చింది. స్క్వాడ్ పిల్లలకి ఏడాదికోసారి రక్తపరీక్ష చేస్తారు. అందులో సీసం డెసిలీటరుకి ఐదు మైక్రోగ్రాముల లోపు ఉండాలి. మా పిల్లకి పదకొండు వచ్చింది.

"మూడు నెలలు చూద్దాం," అన్నాడు డాక్టరు. "నెలనెలా పరీక్ష చేద్దాం. మూడో పరీక్షకి ఐదు లోపుకి దిగకపోతే స్క్వాడ్ నుంచి తప్పించమని నేనే రాయాల్సి ఉంటుంది. సీసం ఎక్కడినుంచి లోపలికి వెళ్తోందో ముందు కనుక్కోండి. దారి మూసేస్తే రక్తంలోంచి దానంతటదే తగ్గుతుంది."

రైఫిల్లో వేసే గుండుని పెల్లెట్ అంటారు. అది అచ్చంగా సీసం. కందిగింజంత ఉంటుంది. నడుము సన్నగా, వెనకభాగం గౌను అంచులా విచ్చుకుని ఉంటుంది. పట్టుకున్న వేళ్ళకి సీసం అంటుతుంది, ఆ వేళ్ళు నోట్లోకి వెళ్తే ఒంట్లోకి పోతుంది. అంతవరకూ నాకు అర్థమైంది. అర్థం కానిదల్లా ఒక్కటే. స్క్వాడ్‌లో ఏడుగురు పిల్లలున్నారు. అందరూ పెల్లెట్లు పట్టుకునేవాళ్ళే. మిగతా ఆరుగురి రక్తం శుభ్రంగా ఉంది. నా పిల్లకే ఎందుకొచ్చింది?

ఆడిట్‌లో మేం మొదట వెతికేది తేడా కోసం. ఇక్కడ తేడా నాకు వెంటనే కనబడింది. మిగతా ఆరుగురూ డబ్బాలోంచి తీసిన పెల్లెట్లని తీసినట్టే కాలుస్తారు. వర్షిత పెల్లెట్లు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. వాటికి వెంకటరావు గారు తన చేత్తో ఏదో పూత పూస్తారు.

వెంకటరావు గారికి డెబ్భై రెండేళ్ళు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపునుంచి తెల్లవాళ్ళ కాలంలో సెంబవాంగ్ నౌకాస్థావరంలో కూలికి వచ్చాడట. ఈయన ఇక్కడే పుట్టారు, ఇక్కడే పెరిగారు. క్లబ్బులో పాతికేళ్ళుగా పెల్లెట్లు ఏరడం, రైఫిళ్ళు తుడవడం ఆయన పని. స్క్వాడ్‌లో ఒక తెలుగు పిల్ల చేరిందని తెలిసినప్పుడు ఆయన సంబరం పట్టలేకపోయారు. మన పిల్లకి ప్రత్యేకంగా చేసిపెడతానని ఆ నల్లపూత మొదలుపెట్టారు. అప్పట్లో నేనూ మురిసిపోయాను.

శనివారం మా ఇంటి దగ్గర జురాంగ్ ఈస్ట్‌లో రైలెక్కి, క్లబ్బున్న సెంబవాంగ్ చేరేలోపు ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలన్నీ వరసగా పేర్చుకున్నాను. వర్షిత నా పక్కన కూర్చుని, "అమ్మా, ప్లీజ్, డోంట్ మేక్ ఎ సీన్ లా," అని సింగపూరు ఇంగ్లీషులో ముందే దండం పెట్టింది. నేను వినిపించుకోలేదు.

పిల్లలు గురి కాల్చే రేంజి వెనకాల చిన్న ఏసీ గదిలో కూర్చుని ఉన్నారాయన. ముందు ఒక పళ్ళెం, పళ్ళెంలో తెల్లటి టర్కీ తువ్వాలు, దానిమీద వందల కొద్దీ నల్ల పెల్లెట్లు. ఒంటికి ఏప్రాన్, చేతులకి నీలం రబ్బరు గ్లౌజులు.

"అంకుల్, ఆ నల్లది ఏంటి? మా అమ్మాయి రక్తంలో కలిసింది అదేనా?" అన్నాను గుమ్మంలోనే నిలబడి.

ఆయన తలెత్తి, "రామ్మా. మకాన్ అయిందా?" అన్నారు.

"నా భోజనం సంగతి తర్వాత. ముందు నాకు జవాబు కావాలి."

"సెప్తాను. కూకో. పెలాన్ పెలాన్‌గా అడుగు, కంగారు లేదు."

నెమ్మదిగా అడగడం నాకు రాదు. గుక్కతిప్పుకోకుండా అన్నీ అడిగేశాను. ఆయన అన్నీ విని, ఒక సీసా చూపించారు. అడుగున చిటికెడు నల్లపొడి ఉంది. పెల్లెట్లని కడిగి, ఆరబెట్టి, ఈ పొడిలో వేసి సీసాని రెండు అరచేతుల మధ్య పప్పుగుత్తి తిప్పినట్టు అరగంట తిప్పుతారట. పొడి సన్నటి పొరలా పట్టుకుంటుంది. పెల్లెట్ రైఫిల్ గొట్టంలోంచి ఎక్కడా పట్టేయకుండా జారుతుంది, గొట్టానికి సీసం అంటదు. వేరే దేశాల్లో కొందరు ఇళ్ళలోనే కూర్చుని తూటాలు తయారుచేసుకుంటారనీ, వాళ్ళ దగ్గర ఈ పద్ధతి ఉందనీ, ఎప్పుడో క్లబ్బుకొచ్చిన ఒక విదేశీ ఆటగాడు నేర్పాడనీ చెప్పారు. సింగపూరు చట్టం ప్రకారం ఒక్క పెల్లెట్ కూడా క్లబ్బు గుమ్మం దాటి వెళ్ళకూడదు కాబట్టి ఆయన ఇక్కడే చేస్తారు.

"ఈ నల్లపొడి వల్ల భయం లేదమ్మా. ఇది పైన ఏసిన పొర. సీసం లోపలుంటాది. కానీ రాసుకుంటే పొర లేస్తాది, అంచుల్లో ముందు లేస్తాది. అందుకే వట్టి సేత్తో ముట్టుకోకూడదు."

సీసం లోపలుంటుందన్న మాట నాకు చాలా బాగా వినబడింది. తర్వాతి మాట అంతగా వినబడలేదు.

ఆ తర్వాత ఆయన చేసింది చూసి నా ప్రశ్నలన్నీ మరిచిపోయాను. పళ్ళేన్ని కొద్దిగా వాల్చారు. పెల్లెట్లు వరసగా దొర్లుకుంటూ ఆయన చూపుడువేలి కిందికి వస్తున్నాయి. వేలి కొస ఒక్కో పెల్లెట్‌ని ఒక్క క్షణం తాకుతోంది, వదిలేస్తోంది. ఆయన కళ్ళు పళ్ళెం మీద లేవు, నా మీదే ఉన్నాయి, నాతో వాళ్ళావిడ ఆండాళమ్మ గారి మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతున్నారు. మాట మధ్యలో వేలు ఆగింది.

"ఇది సొట్ట," అని ఒకటి తీసి నా ముందు పెట్టి, భూతద్దం ఇచ్చారు.

చూశాను. ఏమీ లేదు. తిప్పి చూశాను. మూడోసారి దీపం కింద పెట్టి చూస్తే గౌను అంచున వెంట్రుకవాసి నొక్కు కనబడింది. అద్దం పెట్టుకున్నా నా కంటికి ఆనని దాన్ని ఆయన చూడకుండా, గ్లౌజు మీంచి, వేలి కొసతో పట్టుకున్నారు. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో అంత శుభ్రంగా తప్పు పట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

"గ్లౌజు ఉంటే ఎలా తెలుస్తుంది అంకుల్?"

ఆయన నవ్వి గ్లౌజు అంచు మడిచి చూపించారు. లోపల ఇంకో జత ఉంది, పల్చటి నూలు గుడ్డతో కుట్టింది. ఆయన పాత పంచె చించి ఆండాళమ్మ గారు కుట్టారట.

"రబ్బరు ఒక్కటే ఏసుకుంటే సెమట పడతాది. సెమట పడితే ఏళ్ళు జారతాయి. సిరాకేసి మనిషి గ్లౌజు తీసేస్తాడు. తీసేసినోడి సంగతి ఇంకంతే. అందుకని ముందు సుకంగా ఉండాలమ్మా. సుకంగా ఉన్నదాన్నే మనిషి రోజూ ఏసుకుంటాడు."

ఆ రోజునుంచి ప్రతి శనివారం, ఆదివారం ఆ గదిలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయన మీద కన్నేసి ఉంచడానికని చక్రధర్‌తో చెప్పాను. నిజానికి ఆ వేలిని చూడటానికే వెళ్ళేదాన్ని. రెండో వారానికి నేనూ పెల్లెట్లు ఏరడానికి కూర్చున్నాను. ఆండాళమ్మ గారి కొలతకి కుట్టిన నూలు గ్లౌజులు నాకూ ఒక జత ఇచ్చారు. ఆవిడవి పెద్ద చేతులు. నా వేళ్ళ చివర గుడ్డ వదులుగా వేలాడేది. పెల్లెట్ పట్టుకుంటే జారేది. ఒకటి కింద పడి నా కుర్చీ కాలి కింద నలిగింది కూడా. ఈ వదులు గ్లౌజుల వల్లే నాకు ఆయన పనితనం పట్టుబడటం లేదని తీర్మానించుకున్నాను.

ఆయన ఎదురుగా ఉన్నంతసేపూ గ్లౌజులు వేసుకునేదాన్ని. రైఫిళ్ళు సర్దడానికి ఆయన రేంజిలోకి వెళ్ళగానే తీసేసేదాన్ని. వట్టి వేళ్ళకి పెల్లెట్ ఎంత హాయిగా తగిలేదో చెప్పలేను. నాలుగైదు వందలు చూశాక ఒక సొట్ట నాకూ దొరికింది. ఆ ఆనందంలో గ్లౌజు సంగతి పట్టించుకోలేదు. పైన పూత ఉంది కదా. ఆయన అడుగుల చప్పుడు వినబడగానే మళ్ళీ తొడుక్కునేదాన్ని. ఇతరులు ఇలా చేస్తే నేను రెండు పేజీల రిపోర్టు రాస్తాను.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. వర్షితకి మధ్యాహ్నం విరామంలో తినడానికి ఇంటినుంచి పెరుగన్నం డబ్బా తెస్తాను. మిగతా పిల్లలు హాకర్ సెంటర్ నుంచి తెచ్చుకున్న చికెన్ రైస్, నూడుల్స్ చెంచాలతో, పుల్లలతో తింటారు. మా పిల్ల చేత్తో కలుపుకుని తింటుంది, చిన్నప్పటినుంచి నేను అలాగే నేర్పాను. పదకొండు వచ్చింది అందువల్లేనని నాకు తట్టింది. పెల్లెట్లు ముట్టుకున్న చేత్తో అన్నం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పేశాను.

"దెన్ గివ్ మీ ఎ ఫోర్క్ లా," అంది వర్షిత.

"పెరుగన్నం ఫోర్కుతో తినడమేంటే? నేను పెడతాను. నోరు తెరు."

"అమ్మా, ఎవ్రీబడీ ఈజ్ లుకింగ్."

"చూడనీ. వాళ్ళమ్మలు వాళ్ళకి పెట్టరు కాబట్టి చూస్తారు."

మొదటి రెండు రోజులు సిగ్గుతో ఎర్రబడింది. తర్వాత అలవాటైపోయింది. ఆటకి మధ్యలో జాకెట్ బొత్తాలు విప్పుకుని వచ్చి కూర్చుని, కళ్ళు సగం మూసుకుని, గురి గురించే ఆలోచిస్తూ నోరు తెరిచేది. నేను వేడినీళ్ళతో, మల్లెపూల సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చి ముద్ద మీద ముద్ద పెట్టేదాన్ని. మాగాయ ముక్క నంజుకోడానికి పెట్టేదాన్ని. పిల్ల నోటికీ ఆ సీసానికీ మధ్య నేను అడ్డం నిలబడ్డానని ఎంత గర్వపడ్డానో.

నెల తిరిగాక ఆ మూడు పరీక్షల్లో మొదటిది చేశారు. పదహారు వచ్చింది.

డాక్టరు ఆ అంకె చెబుతున్నప్పుడు వర్షిత నా వైపు చూడలేదు. ఇంటికొచ్చాక తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏడుపు వినబడలేదు. వినబడి ఉంటే బాగుండేది. రెండేళ్ళుగా పొద్దున్నే ఐదింటికి లేచి గోడకేసి వట్టి చేతులతో గురి చూసుకునే పిల్ల అది. రెండు నెలల్లో అదంతా పోబోతోంది. నా కోపం మళ్ళీ వెంకటరావు గారి మీదికే వెళ్ళింది. ఆయన పూత తప్ప ఇంకేముంది?

ఈసారి కోచ్ ఎదుటే అడిగేశాను. విరామ సమయం, బల్ల చుట్టూ పిల్లలున్నారు, ఇద్దరు ముగ్గురు తల్లులున్నారు. నేను అప్పుడే పెల్లెట్లు ఏరడం ముగించి, చేతులు కడుక్కుని, పెరుగన్నం డబ్బా మూత తీశాను. ఆయన అటుగా వచ్చారు.

"మీరు మా అమ్మాయికి విషం పెడుతున్నారు అంకుల్," అన్నాను, ఇంగ్లీషులో, అందరికీ అర్థమయ్యేలా.

వర్షిత, "అమ్మా, స్టాప్ లా," అని నా చెయ్యి లాగింది. వెంకటరావు గారి మొహం పాలిపోయింది. "ఓ పని సేద్దాం," అన్నారు.

తన గదిలోకి వెళ్ళి తడిపిన తెల్ల గుడ్డముక్కలు, ఒక చిన్న స్ప్రే సీసా తెచ్చారు. సీసం తగిలితే ఆ మందు ఎర్రబడుతుందని కోచ్‌కి చెప్పారు. మొదట తన గ్లౌజులు తీసి, వాటి వేళ్ళ కొసల్ని గుడ్డకి అద్ది, మందు కొట్టారు. తెల్లగుడ్డ మీద కుంకుమ రాలినట్టు ఎర్రటి చుక్కలు లేచాయి. పిల్లలందరూ ముందుకి వంగారు. తర్వాత అదే చెయ్యి, గ్లౌజు లేనిది, కొత్త గుడ్డ మీద పరిచి గట్టిగా అదిమారు. మందు కొట్టారు. మేమందరం ఆ గుడ్డనే చూస్తున్నాం. నిమిషమైంది. గుడ్డ తెల్లగానే ఉంది. పాతికేళ్ళుగా రోజూ సీసంతో పనిచేసిన చెయ్యి అది. గుడిలో హారతి ముందు నిలబడినప్పుడు కలిగే భయంలాంటి గౌరవం నాకు కలిగింది, కోపం మధ్యలోనే.

"నువ్వు రామ్మా," అని వర్షితని పిలిచారు. దాని బొటనవేలు, చూపుడువేలు దగ్గర లేత గులాబీ మరక వచ్చింది. చల్లటి నీళ్ళతో కడిగి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అదిమిస్తే అదీ రాలేదు.

"ఈ పిల్ల సేత్తో తినడం నెల కిందటే మానేసింది కదా," అన్నారాయన తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత బల్లమీది డబ్బా వైపు చూశారు. డబ్బా పట్టుకున్న నా చేతుల వైపు చూశారు.

"నీ సెయ్యి పెట్టమ్మా."

"నేను ఇప్పుడే కడుక్కున్నాను," అన్నాను. "రెండుసార్లు. వేడినీళ్ళతో."

"పెట్టమ్మా."

పెట్టాను. కుడి చెయ్యి, ఐదు వేళ్ళూ చాపి, తెల్లటి గుడ్డ మీద. ఆయన మందు కొట్టారు.

మొదట ఏమీ లేదు. నేను తలెత్తి కోచ్ వైపు చూడబోయాను. అంతలో బొటనవేలు ఉన్నచోట ఎరుపు పాకింది. ఆ తర్వాత చూపుడువేలు, మధ్యవేలు. గోళ్ళ చివర ముదురుగా, కణుపుల దగ్గర లేతగా, నా ఐదు వేళ్ళూ ఒక్కొక్కటే ఆ గుడ్డలోంచి పైకి లేచి వచ్చాయి. గోరింటాకు పండిన చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంది. మల్లెపూల వాసన ఇంకా వస్తోంది. ఏ వేళ్ళతో ముద్ద కలుపుతానో, ఏ వేళ్ళతో పిల్ల నోటికి అందిస్తానో ఆ వేళ్ళే ఎక్కువ ఎర్రగా ఉన్నాయి.

అంత చిన్న సంగతి, కంటికి కనబడనిది, వాసన లేనిది, ఇన్నాళ్ళూ నా చేతి మీద కూర్చుని నా బిడ్డ నోట్లోకి వెళ్తోంది. నేనే పెడుతున్నాను. నోరు తెరు, నోరు తెరు అని బలవంతం చేసి మరీ పెడుతున్నాను. బెంచీ మీద కూలబడ్డాను.

"ఏడినీళ్ళకీ సబ్బుకీ సీసం పూర్తిగా వదలదు, తడిగుడ్డతో తుడవాల. గ్లౌజు ఏసుకోలేదా తల్లీ?" అని అడిగారాయన చాలా మెల్లగా.

"మీరు బయటికెళ్ళినప్పుడు తీసేసేదాన్ని," అన్నాను. "పైన పూత ఉంది కదా అని." ఇన్నేళ్ళలో ఎవరి ముందూ నేను అంత చిన్నగా మాట్లాడలేదు.

ఆయన నన్ను ఎన్ని మాటలైనా అనొచ్చు. విషం పెడుతున్నారని ఆయన్ని నలుగురిలో అన్నాను. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చున్నారు.

"నువ్వూ ఆ సేత్తోనే తింటావు కదమ్మా. నువ్వు పరీచ్చ సేయించుకున్నావా?"

ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నాకే తట్టనిది ఆయనకి తట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. వర్షిత వచ్చి నా పక్కన కూర్చుంది. కోచ్ మిగతా పిల్లల్ని రేంజిలోకి తీసుకెళ్ళిపోయాడు.

అప్పుడే ఆయన వాళ్ళన్నయ్య గురించి చెప్పారు. కుర్రతనంలో అన్నదమ్ములిద్దరూ పడవలకి పాత రంగు గీకే ఒక షెడ్డులో పనిచేసేవారట. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. రంగులో సీసం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. గీకిన చేతుల్ని నీళ్ళలో ముంచి, అక్కడే కూర్చుని అన్నం తినేవారు. కొన్నేళ్ళకి అన్నయ్య మణికట్టు వాలిపోయింది. కంచంలో ముద్ద కలిపేవాడు గానీ నోటిదాకా ఎత్తలేకపోయేవాడు.

"మా అమ్మ తినిపించేది ఆడికి," అన్నారు. "ముప్పై ఏళ్ళోడికి."

నా రక్తంలో పందొమ్మిది వచ్చింది. డాక్టరు నాకూ అదే చెప్పాడు, దారి మూసేయండి, తగ్గుతుంది. మందు అక్కర్లేదన్నాడు. మూసేయడానికి దారి ఏమిటో ఈసారి అడగాల్సిన పని లేకపోయింది.

తర్వాతి రెండు నెలలూ మా ఇంట్లో అన్నం చక్రధర్ వండాడు, చక్రధర్ వడ్డించాడు. నేను వంటింట్లో కంచాలు కూడా ముట్టుకోలేదు. అవసరం లేదని డాక్టరు చెప్పినా వినలేదు. వర్షిత డబ్బాలో చెంచా పెట్టి ఇచ్చాను. పిల్ల జుట్టు దువ్వడం మానేశాను, నిద్రపోతున్నప్పుడు చెంప నిమరడం మానేశాను. నా చేతుల్ని చూస్తే నాకే భయంగా ఉండేది. క్లబ్బుకి మాత్రం మానలేదు. ఆండాళమ్మ గారు నా చేతిని కాగితం మీద పెన్సిలుతో గీయించుకుని, కొత్తగా నూలు గ్లౌజులు కుట్టి పంపారు. అవి వేళ్ళకి చర్మంలా అతుక్కున్నాయి. వాటి మీద రబ్బరువి. గ్లౌజు మీంచి సొట్ట తెలియడానికి నాకు ఆరు వారాలు పట్టింది. తెలిసిన రోజున వెంకటరావు గారు భూతద్దంతో చూసి, "పరవాయిల్లే," అన్నారు. ఆయన నోట అది పెద్ద మెప్పు.

ఆయనకి క్షమాపణ చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ మకాన్ అయిందా అని అడిగి మాట మార్చేశారు.

మధ్యలో చేసిన పరీక్షకి అంకె ఎనిమిదిన్నరకి దిగింది. చివరి పరీక్ష ఫలితం ఒక శనివారం, విరామానికి కొంచెం ముందు, వర్షిత ఫోనుకొచ్చింది. అది ఫోను నా ముందు పెట్టింది. నాలుగున్నర. కోచ్ చప్పట్లు కొట్టాడు. వెంకటరావు గారు తన గదిలోంచి బయటికొచ్చి, ఆ అంకె చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నాలుగున్నర ఎక్కడినుంచి దిగివచ్చిందో నాకు తెలుసు.

"తిను, టైమైంది," అని డబ్బా దాని వైపు తోశాను. "చెంచా పైనే ఉంది."

వర్షిత చెంచా తీసి పక్కన పెట్టేసింది. "నీ చెయ్యి ఇవ్వు," అంది.

"వద్దే."

"అమ్మా. గివ్."

నన్ను సింకు దగ్గరికి లాక్కెళ్ళింది. చల్లటి నీళ్ళు తిప్పింది. ముందు తన చేతులు కడుక్కుంది, తర్వాత నావి. ఒక్కో వేలు విడిగా పట్టుకుని, గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో, మణికట్టు దాకా తోమింది. తడిగుడ్డతో తుడిచింది. వెంకటరావు గారి స్ప్రే సీసా అడిగి తెచ్చింది. తెల్లగుడ్డ మీద నా చెయ్యి అదిమి మందు కొట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"చూడు," అంది.

గుడ్డ తెల్లగా ఉంది. నేను నమ్మలేదు, ఇంకోసారి కొట్టమన్నాను. కొట్టింది. అప్పుడూ తెల్లగానే ఉంది.

వర్షిత వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. అందరూ చూస్తుండగా, స్క్వాడ్ పిల్లలందరి ముందూ, నోరు తెరిచింది.

నేను ముద్ద కలిపాను. ఎత్తాను గానీ దాని నోటిదాకా తీసుకెళ్ళలేకపోయాను. చెయ్యి వణికిపోతోంది. అన్నం మెతుకులు దాని జాకెట్ మీద రాలాయి. వర్షిత నవ్వలేదు. ఎడమ అరచెయ్యి నా మణికట్టు కింద ఆనించి, రైఫిల్‌ని పట్టుకున్నంత నెమ్మదిగా పైకి పట్టుకుంది. దాని చేతిలో ఆవగింజంత కదలిక లేదు. కాసేపటికి నా చెయ్యి కూడా కదలడం మానేసింది.

ముద్ద తినేసి, "ఉప్పు చాల్లేదు," అంది.